హనుమక్క తాగని నీళ్లు

మద్దమ్మ చెంబులో నీళ్లు రెండోసారి మార్చింది. మొదట పెట్టినవి ఎండకు వేడెక్కాయని పారబోసి, కుండలోంచి చల్లటివి ముంచి తెచ్చి అరుగు మీద పెట్టింది. హనుమక్క వాటి వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

పెద్దకడుబూరు నుంచి మొదటి బస్సుకు ఆదోని వచ్చిన మనిషి. వచ్చినప్పటి నుంచీ అరుగు అంచున అట్లాగే కూర్చుంది. కాళ్ల చెప్పులు కూడా విడవలేదు. చెప్పులు విడవని మనిషి కూర్చుని మాట్లాడిపోవడానికి రాలేదని వేరే చెప్పాలా?

"లోపలికి రా అక్కా. ఎండ మీదికొస్తాండాది."

"ఈడనే బాగుండాది."

"నీళ్లన్నా తాగు. ఏమీ తినకుండా బయల్దేరినట్టుండావు."

"నీళ్లకు రాలేదు మద్దమ్మా. నీ కూతుర్ని పిలువు. ఒగ మాట అడిగి పోతా."

హేమను పిలవడానికి దూరం పోనక్కర్లేదు. ఉన్నది ఒక గది, దాని వెనక వంటకు వేసుకున్న రేకుల చాటు. గదిలో తలుపు వెనకే గోడకు ఆనుకుని నిల్చుని ఉంది. బయట అనే ప్రతి మాటా వినిపిస్తోంది. వినిపించనట్టు నిల్చోవడం ఎంత కష్టమో నిల్చున్నవాళ్లకే తెలుస్తుంది.

ఆదివారం కాబట్టి దావీదు తెల్లచొక్కా వేసుకుని ప్రార్థన మందిరానికి బయల్దేరాడు. ఒక కాలికి చెప్పు తొడిగి, రెండోది చేత్తో పట్టుకుని గడపలో ఆగిపోయాడు. వారమంతా జిన్నింగ్ మిల్లులో పత్తి బేళ్లు మోసే మనిషి. బరువంటే భయం లేదు, గొడవంటేనే భయం.

"వదినా, అయ్యన్న బాగుండాడా?" అన్నాడు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"బాగుండాడు. పొద్దున్నే కొడుకును కొట్టినాడు."

దావీదు తొడుక్కున్న చెప్పు కూడా విడిచేశాడు.

"నేను సెప్పేది నీవు కూడా ఇను దావీదూ," అంది హనుమక్క. "శుక్రవారం ఎమ్మిగనూరు నుంచి వచ్చినంక వీరేష్ అన్నం ముట్టలేదు. కాలేజీలో క్లాసులోకి రానీయనని సారు సెప్పినాడంట. దొంగబుద్ధి పిల్లోడు అన్నాడంట అందరి ముందర. అది ఇని వాళ్ల నాయన, ఇంగ సదువు సాలు అని సుగ్గి బండికి కూలోళ్ల మేస్త్రీ తాన వాని పేరు, తన పేరు సెప్పి వచ్చినాడు. గుంటూరు దిక్కు మిరపకాయలు కోసేకి. ఈ పొద్దు మధ్యాహ్నానికి బండి వస్తాది."

ఊరు విడిచి నెలల తరబడి కూలికి పోయే సుగ్గి అంటే ఏమిటో ఆ ఇంట్లో వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. హేమ ఒకటో తరగతి సగం మిరప చేలల్లోనే చదువుకుంది, అంటే చదువుకోలేదు. సుగ్గికి పోయిన పిల్లలు తిరిగొస్తారు గానీ బడికి తిరిగొచ్చేవాళ్లు తక్కువ.

"సారుకు నేను ఫోను సేసి ఏడ్సినా," హనుమక్క అంది. "ఆయన ఒగటే మాట అన్నాడు. 'ఆ పాప కండ్లారా చూడలేదని, తొందరపడి అన్నానని తన నోటితో చెప్తే సాలు, సోమవారం వచ్చి కూర్చోమను' అన్నాడు. అంతే. ఒగ ఫోను. అది సేస్తే నా మొగుణ్ని నేను ఆపుకుంటా. దానికే వచ్చినా."

గొడవకు మూలమైన పొట్టేలు నాలుగు కాళ్లది కాదు, నాలుగు చక్రాలది. ఒకే కాలేజీలో చదివే వీరేష్, హేమ కలిసి పోటీ కోసం ఏడాదిగా తయారు చేసిన రోబో. దానికి రిమోటు ఉండదు, తాడు ఉండదు. నల్లటి గుండ్రటి బల్ల మీద రెండు రోబోలను పెట్టి, మీట నొక్కి, మనుషులు వెనక్కి జరిగిపోవాలి. ఆ తర్వాత అవే ఒకదాన్నొకటి వెతుక్కుని, ఢీకొని, బల్ల మీంచి కిందికి నెట్టాలి. బల్ల అంచున తెల్ల గీత కనబడితే తామే వెనక్కి తిరగాలి. జపాను కుస్తీ పేరు మీద ఆ పోటీని సుమో అంటారు. జాతరలో పొట్టేళ్ల పోట్లాటలు చూస్తూ పెరిగిన వీరేష్‌కు మాత్రం తమ రోబోకు ఇంకో పేరు తోచలేదు.

శుక్రవారం ఎమ్మిగనూరులో ఆ పొట్టేలు ఎవర్నీ నెట్టలేకపోయింది. చక్రాలు గిర్రున తిరిగాయి, బండి ఉన్నచోటే ఉంది. ఎదుటిది వచ్చి తాకగానే వెనక్కి జారి, జారి, బల్ల దిగి పడింది. రిఫరీ దాన్ని ఎత్తి, చక్రం తడిమి, వేలు పైకి చూపించాడు. వేలు నూనెతో మెరుస్తోంది. బల్ల మీద కూడా నూనె చారలు. బల్ల పాడు చేశారని మిగతా ఆటలు కూడా ఆడనివ్వలేదు.

గెలిచిన ఎమ్మిగనూరు జట్టులో వీరేష్ మేనమామ కొడుకు ప్రదీప్ ఉన్నాడు, వాణ్ని గెలిపించడానికే ఇది జరిగిందని అందరికీ అనుమానం వచ్చింది. పొట్టేలు ఉన్న అట్టపెట్టెను బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది వీరేష్. ఎవరు చేశారు అని సారు అరిస్తే హేమ వీరేష్ వైపు వేలు చూపించింది. ఒక మనిషి మంచిపేరు పోవడానికి ఆ మాత్రం చాలింది.

"పిలువు మద్దమ్మా," హనుమక్క మళ్లీ అంది.

హేమ తనే బయటికొచ్చింది. గడప దాటలేదు.

"సూసినావా పాపా? నా కొడుకు నూనె పూస్తాంటే నీ కండ్లతో సూసినావా?"

"చూడలేదు పెద్దమ్మా."

"మరి?"

"ముందురోజు నేనే స్పిరిట్ పెట్టి చక్రాలు తుడిసినా. రబ్బరుకు దుమ్ము అంటినా జారుతాది, అందుకే. పొద్దున్నే పెట్టె వాని చేతికిచ్చినా. బస్సు లేటైంది. పోతానే మా నంబరు పిలిసినారు, మళ్లీ తుడిసేకి టైం లేకపాయె. మధ్యలో పెట్టె ఇంకెవ్వరి చేతికీ పోలేదు." హేమ హనుమక్క ముఖంలోకి చూసింది. "ఇంగ నూనె యాడ నుంచి వస్తాది పెద్దమ్మా? నీవే చెప్పు."

హనుమక్క కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నాకు తెలీదు పాపా. వాణ్ని అడిగితే నోరు తెరవడు. 'హేమోళ్ల ఇంటికి పోవద్దమ్మా, మద్దమ్మ చిన్నమ్మను ఏమీ అనొద్దు' అంటాడు. అదొగటే మాట. వాళ్ల నాయన కొడ్తాన్నా అదే మాట. వాని మాట కాదని వచ్చినా నేను."

"తప్పు సేసినోడు కాబట్టి వద్దన్నాడు," అంది మద్దమ్మ.

"నీవు గమ్మునుండు మే," అన్నాడు దావీదు.

"యాల ఉండాల? ఇంటికొచ్చిన మనిషికి నీళ్లిస్తే ముట్టకపాయె. సుగ్గిలో నేను మూతి పెట్టిన చెంబులో తాగినదానివి గదక్కా. ఒగే పొయ్యి, ఒగే గుడిసె. కులం అనలేదు, మతం అనలేదు. ఈ పొద్దు మా ఇంటి నీళ్లు చేదైనాయా నీకు?"

హనుమక్క మొదటిసారి ఆ చెంబు వైపు చూసింది.

"అది కాదు మద్దమ్మా. నా కొడుకును దొంగ అన్న ఇంట్లో నీళ్లు గొంతు దిగవు. ఆ మాట తీసేస్తే కడివెడు తాగుతా."

వీధిలో ఒక ఆటో పోయింది. దావీదు చొక్కా గుండీ పెట్టుకుని, విప్పి, మళ్లీ పెట్టుకున్నాడు. ఏమనాలో తోచని మగవాళ్లు చేసే పనే చేశాడు, మాట మార్చాడు.

"మందిరానికి టైమైతాంది. గూట్లో నూనె సీసా కూడా తీసుకో మే, ఖాళీ అయినట్టుంది. పాస్టరు అయ్యగారు నింపిస్తాడు."

"ఇప్పుడు మందిరమేంది నీకు," మద్దమ్మ మొగుణ్ని కసిరి, హనుమక్క వైపు తిరిగింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నీకు నీ కొడుకు ఎంతో నాకు నా బిడ్డ అంతే అక్కా. ఏడాది నిద్ర మాని చేసుకున్న బండి. నేను ఊరికే పంపినానా దాన్ని? అయ్యగారు ప్రార్థన సేసిచ్చిన నూనె, సీసా మొత్తం పూసి పంపినా. దేవుని నూనె పూసినంక కూడా అది ఓడిపాయె అంటే, ఎవరో ఒగరు సెరిపినట్టే గదా."

"మీ దేవుడు, మీ నూనె నాకు తెలీదు," అంది హనుమక్క. "నేనడిగేది నా కొడుకు మాట."

సీసా మొత్తం పూసి పంపినా అన్న మాట హనుమక్క చెవికి ఆనలేదు. దావీదు చెప్పుల వైపు చూస్తున్నాడు, అతనికీ ఆనలేదు. హేమ ఒక్కతే అది విని తలుపు పట్టుకుంది.

"అమ్మా," అంది. "ఒకసారి లోపలికి రా."

"ఉండు, ఈ మాట తేలనీ."

"రమ్మంటాంటే."

రేకుల చాటున పొయ్యి ఆరిపోయి ఉంది. హేమ తల్లి చేయి పట్టుకుని మూలకు తీసుకుపోయింది.

"నూనె యాడ పూసినావమ్మా?"

"బండికి."

"బండికి యాడ?"

"సక్రాలకు." మద్దమ్మ ముఖంలో ఆశ్చర్యమే తప్ప ఇంకేమీ లేదు. "నీవు తెల్లారి నీళ్లు పోసుకునేకి పోయినప్పుడు పెట్టె తెరిసి, మోకాళ్లేసి కూర్చుని, ప్రార్థన సేసి పూసినా. ఒగటి కూడా ఇడిసిపెట్టలేదు. చుట్టూతా పూసినా."

"చక్రాలకే యాల పూసినావు? పైన పూయొచ్చు గదా. రేకుకు పూయొచ్చు గదా."

"నీవే గదా సెప్తివి నాకు. 'దీని బలమంతా చక్రాల్లోనే ఉందమ్మా' అంటివి. మోకాలు నొస్తే మోకాలికి పూసుకుంటా. తల నొస్తే తలకు. బలం యాడ కావాల్నో ఆడ పూయాల గదా." మద్దమ్మ ఆగి కూతురి ముఖంలోకి చూసింది. "ఏం బిడ్డా? అట్ల పూయకూడదా?"

హేమ తల్లి చేయి వదిలేసింది.

ఆ నూనె సీసా గురించి హేమకు తెలియనిది లేదు. జ్వరమొస్తే మాత్ర కంటే ముందు నుదుటికి అదే. పదో తరగతి పరీక్షలకు పెన్నుకు పూసింది అమ్మ, పాసైంది. నాయన బేళ్లు ఎత్తే కొక్కేనికి పూసింది, ఇంతవరకు ఒక్క గాయం కాలేదు. అమ్మకు బ్యాంకు లేదు, బంగారం లేదు, చదువు లేదు. ఆ సీసా ఉంది. ఆ సీసాయే నీ కూతురి బండిని ముంచింది అని చెప్తే ఈ మనిషి ఇక దేన్ని పట్టుకుని నిల్చుంటుంది?

"మొన్నటి నుంచి నాకు అదే దిగులు," మద్దమ్మ గొంతు తగ్గించి అంది. "నూనె సాలలేదో, నా విశ్వాసమే సాలలేదో అని. మాపటేళ ఏడుస్తాండా, నీకు సెప్పలేదు."

"అమ్మా, గమ్మునుండు."

"ఏం, నేనేమన్నా తప్పు సేసినానా?"

"లేదు. నీవు పో. పెద్దమ్మ తాన కూర్చో పో."

మద్దమ్మ వెళ్లింది. హేమ ఆరిన పొయ్యి ముందు ఫోను పట్టుకుని నిల్చుంది.

అప్పుడు గుర్తొచ్చింది. రిఫరీ వేలు చూపించాక వీరేష్ కూడా ఒంగి చక్రాన్ని తడిమాడు. వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అయ్యగారి నూనెకు మల్లెపూల సెంటు వాసన. ఆ వాసన వీరేష్‌కు కొత్త కాదు. వానల్లో వాడు తడిసి జ్వరంతో ఈ ఇంటికొస్తే, మద్దమ్మ నుదుటికి ఆ నూనె పూసి, రొట్టె తినిపించి పంపింది. వాసన చూసి వాడు తలెత్తి హేమను చూశాడు. ఏదో అనబోయి ఆగాడు. తల దించేశాడు.

ఆ దించిన తలనే హేమ దొంగతనం అనుకుంది.

వాడికి అప్పుడే తెలుసు. సారు తిడుతున్నప్పుడూ తెలుసు, నాయన కొడుతున్నప్పుడూ తెలుసు. మద్దమ్మ చిన్నమ్మ పూసింది అని ఒక్క మాట అంటే బయటపడేవాడు. వాడు అనలేదు. హేమ మాత్రం వేలు చూపించడానికి కాసేపైనా ఆగలేదు. తన మీద తనకు ఇంత అసహ్యం వేస్తుందని ఆమెకు అంతకుముందు తెలియదు.

సారు నంబరు తీసింది. నొక్కితే అయిపోతుంది. నేను చూడలేదు సార్, తొందరపడ్డాను సార్. కానీ సారు అంతటితో ఊరుకునే మనిషి కాదు. మరి నూనె ఎట్లా వచ్చిందమ్మా అంటాడు. అమ్మ పూసిందని చెప్తే సోమవారం కల్లా కాలేజీ అంతా నవ్వుతుంది. ఎవరో ఒకరు వచ్చి అమ్మతో కూడా అంటారు, నీ నూనెకే ఓడిందంట గదా అని. నవ్వుతూనే అంటారు.

పెద్దమ్మ వెళ్లాక చేద్దాం అనుకుంది. మధ్యాహ్నం వరకు టైముంది గదా అనుకుంది. అమ్మను మందిరానికి పంపేసి, నిదానంగా, మాటలు కూర్చుకుని చేద్దాం అనుకుంది. మంచి పని రేపటికి వాయిదా వేసేవాళ్లంతా ఇట్లాగే అనుకుంటారు.

బయట హనుమక్క ఫోను మోగింది.

"ఆ... సెప్పు," అంది హనుమక్క. అవతలి మాట అరుగు దాటి లోపలికి కూడా వినిపిస్తోంది, అయ్యన్న గొంతు, దాని వెనక ఇంజను చప్పుడు, ఎవరో ఆడమనిషి గట్టిగా సామాన్లు సర్దమంటున్న అరుపు.

"మధ్యాహ్నం అంటివి గదా," అంది ఆమె చివరికి. "వాని చేతికియ్యి ఫోను... ఎక్కినాడా?... సరే."

ఫోను కట్టేసి కొంగు చివర ముడేసుకుంది. ఆ ముడి వేయడానికి చాలాసేపు పట్టింది.

హేమ గడపలోకి వచ్చింది. చేతిలో ఫోను అట్లాగే ఉంది.

"బండి ముందే వచ్చెనంట," అంది హనుమక్క, ఎవరితోనూ కాకుండా. "ఎక్కినాడంట. ఫోను తీసుకోమంటే తీసుకోలేదంట."

"పెద్దమ్మా, నేను ఇప్పుడే సారుకు చేస్తా. దించమని చెప్పు. మధ్యలో దించమని చెప్పు..."

"యాడ దిగుతాడు పాపా? వాళ్ల నాయన పక్కనే కూర్చున్నాడు. మేస్త్రీకి మాట ఇచ్చినంక అయ్యన్న దించడు. నీకు తెలీదా?"

తెలుసు. అందరికీ తెలుసు. దావీదు మెల్లగా అరుగు మీద, హనుమక్కకు కొంచెం ఎడంగా కూర్చున్నాడు. తెల్లచొక్కా మాసిపోతుందని కూడా చూసుకోలేదు.

హనుమక్క లేచింది. కోపం అంతా పోయి, ఉత్త అలసట మిగిలింది ముఖంలో. కోపంగా ఉన్నప్పుడే నయం.

"ఇంగ సారుకు ఫోను వద్దులే," అంది. "సదువు సంగతి అయిపాయె. ఇప్పుడు నాకు ఒగటే కావాల. నా కొడుకు దొంగనా కాదా? కాలేజీకి కాదు, సారుకు కాదు, నాకు సెప్పు సాలు. మీ పుస్తకం మీద సెయ్యి పెట్టి సెప్పు పాపా. మీ దేవుడైనా సరే, నమ్ముతా. తల్లిని. వాడు వచ్చేలోపల నాకు తెలియాల."

"పెడ్తాది," అంది మద్దమ్మ. "నా బిడ్డకేం భయం?"

గూట్లో ఖాళీ నూనె సీసా పక్కన ఉన్న బైబిలు తీసి, కొంగుతో తుడిచి, తెచ్చి, రెండు చేతుల మీద తెరిచి పట్టుకుంది. పేజీల అంచులు మద్దమ్మ వేలి నూనెకు పసుపు తిరిగి ఉన్నాయి. చదవడం రాని మనిషి, ప్రతి ఆదివారం అయ్యగారు చెప్పిన పేజీ పక్కవాళ్లను అడిగి తీసి, దాని మీద చేయి పెట్టుకుని వినేది.

"పెట్టు బిడ్డా. ఉన్నదే సెప్పు."

హేమ చేయి పెట్టింది. మల్లెపూల సెంటు వాసన వచ్చింది.

"వీరేష్ చెయ్యలేదు," అంది.

దావీదు తలెత్తాడు. హనుమక్క చెప్పులు విడిచింది. ఒంగి, అరుగు మీది చెంబు అందుకుని, ఎత్తి పోసుకోకుండా మూతి పెట్టి, గుక్క తిప్పుకోకుండా తాగింది. నీళ్లు గడ్డం మీద నుంచి రవికె మీదికి కారాయి. తాగుతూనే ఏడుస్తోంది. ఖాళీ చెంబు కింద పెట్టి, అరుగు మీద మళ్లీ కూలబడింది.

మద్దమ్మ పుస్తకం మూయలేదు. ఇంతసేపూ వీరేష్ మీద ఉన్న కోపం ఇప్పుడు ఎక్కడ వాలాలో తెలియక ఆమె ముఖంలోనే తిరుగుతోంది.

"వాడు కాదా? మరి ఎవరు?" అంది. "నీకు తెలుసు. నీ ముఖం సూస్తాంటేనే తెలుస్తాండాది. ఎవరు సేసినారు సెప్పు. నీ ఏడాది కష్టం మట్టిపాలు సేసి, ఆ తల్లి కొడుకును సుగ్గికి పంపిన మనిషి ఎవరో నాకు పేరు సెప్పు."

"అమ్మా, వద్దు."

"యాల వద్దు? నేను ఇడిసిపెట్టను. వాళ్ల ఇంటి ముందర కూర్చుని అడుగుతా, హనుమక్క కూర్చున్నట్టే. నీళ్లు కూడా ముట్టను."

హేమ చేయి వెనక్కి తీసుకోబోయింది. మద్దమ్మ పుస్తకాన్ని ఒక చేతికి మార్చి, రెండో చేత్తో కూతురి చేతిని పేజీ మీదే అదిమి పట్టుకుంది.

"దేవుని మాట మీద ఉండాది నీ సెయ్యి," అంది. "అబద్ధం రాదు. సెప్పు బిడ్డా, ఎవరు?"